ఫ్లో సైటోమెట్రీ రిపోర్టులో ఆ సీడీ నంబర్లు ఏం చెబుతాయి?

పిల్లాడికి లుకేమియా అనుమానం ఉందని బోన్ మ్యారో తీస్తారు, కొన్ని రోజులకి ఫ్లో సైటోమెట్రీ (కణాల మీద ఏ గుర్తులున్నాయో చూసే పరీక్ష) రిపోర్టు చేతికొస్తుంది. సీడీ10 పాజిటివ్, సీడీ19 పాజిటివ్, సీడీ34 పాజిటివ్, సీడీ3 నెగెటివ్ అంటూ పేజీ నిండా వరస. ఇంట్లోవాళ్ళు మొదట చేసే పని అందులో పాజిటివ్‌లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవడం. కరోనా రోజుల నుంచి పాజిటివ్ అంటే జబ్బు అని మనకి బాగా అలవాటైపోయింది, కాబట్టి ఇన్ని పాజిటివ్‌లు ఉన్నాయంటే జబ్బు అంత ముదిరిపోయిందేమో అని టెన్షన్ పడతారు. ఆ టెన్షన్‌కి అర్థం ఉంది గానీ ఆ లెక్కకి మాత్రం అర్థం లేదు.

సీడీ10, సీడీ19, సీడీ34 మూడూ ఉన్న కణాలు ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎముక మజ్జలో కూడా ఉంటాయి, పిల్లల్లో అయితే ఇంకా ఎక్కువ. మామూలుగా అవి ఆ దశ దాటి ముందుకెళ్ళిపోతాయి. లుకేమియాలో అక్కడే ఆగిపోయి, ఆగిన చోటే గుట్టలుగా పెరుగుతాయి. కోతకి రావాల్సిన రోజుల్లో చేను ఇంకా నారులాగే ఉంటే రైతు గట్టు మీద నుంచే చూసి ఏదో తేడా జరిగిందని చెప్పేస్తాడు, నారులో ఏ లోపమూ లేదు, ఆ వేళకి నారుగా మిగిలిపోవడమే లోపం. ఈ రిపోర్టు కూడా అలాగే చదవాలి. అందులో ఉన్నది జబ్బుల జాబితా కాదు, కణం ఏ కుటుంబానిది, ఏ వయసులో ఉంది అన్న వివరం.

అసలు ఈ సీడీలు ఏంటి? కణం పైపొర నున్నగా ఉండదు, దాని నిండా రకరకాల ప్రోటీన్లు, వాటికి తగులుకుని ఉన్న చక్కెర గొలుసులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఇనుమును లోపలికి తెచ్చుకునేది ఒకటి, రక్తనాళం గోడని పట్టుకునేది ఇంకొకటి, పక్క కణం నుంచి కబురు అందుకునేది మరొకటి. వీటిలో చాలావాటికి ఏదో ఒక పని ఉంది. కణం ఎదిగే కొద్దీ దాని పని మారుతుంది, దాంతోపాటు పైన ఉండే సరంజామా మారుతుంది. ఆ మార్పుని మనం గుర్తుగా వాడుకుంటున్నాం, అంతే.

1975లో కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఒకే ఒక్క లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు, 1984లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. ఈలోగా ల్యాబులన్నీ తెల్లరక్తకణాల మీద యాంటీబాడీలు తయారుచేసి ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకోవడంతో, ఒకే ప్రోటీన్ ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుతో తిరిగేది. 1982లో పారిస్‌లో అందరూ కూర్చుని, ఒకే ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీలన్నిటినీ ఒక గుంపు (క్లస్టర్ ఆఫ్ డిఫరెన్షియేషన్, పొట్టిగా సీడీ) కింద కట్టి నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పటికి అవి 370 దాటాయి. నంబరుకీ కణం వయసుకీ సంబంధం ఏమీ లేదు, సీడీ34 చాలా లేత కణాల మీద ఉంటుంది, సీడీ3 టీ కణం (ఒక రకం తెల్లరక్తకణం) బాగా ఎదిగాక పైకి వస్తుంది. కాబట్టి నంబర్ల వరసలో ఏదో అర్థం వెతక్కండి.

ల్యాబులో జరిగే పని చూస్తే రిపోర్టు సగం అర్థమవుతుంది. శాంపిల్‌కి రంగురంగులుగా మెరిసే పదార్థాలు తగిలించిన యాంటీబాడీలు కలుపుతారు, ఒక్కో యాంటీబాడీకి ఒక్కో రంగు. కాసేపు చీకట్లో ఉంచుతారు, ఎర్రకణాలను కరిగించేస్తారు, కడిగి మెషీన్‌లో పెడతారు. కణాలు సన్నటి ధారలో ఒకదాని వెనక ఒకటిగా లేజర్ ముందు నుంచి సెకనుకి వేల లెక్కన పరిగెడతాయి. ఒక్కో కణం ఏ రంగులో ఎంత మెరిసిందో మెషీన్ రాసుకుని తెర మీద ఒక చుక్క పెడుతుంది. డాక్టర్లు సాధారణంగా మొదట చూసే పటంలో అడ్డంగా తెల్లకణాల మీద ఉండే సీడీ45 వెలుగు, నిలువుగా కణం లోపలి గరుకుదనం ఉంటాయి. ఎదిగిన లింఫోసైట్లు (బీ, టీ కణాల లాంటివి) కుడివైపు కింద గుంపు కడతాయి, లోపల రేణువులు నిండిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పైన ఉంటాయి. లేత కణాలకి సీడీ45 తక్కువ కాబట్టి అవి కాస్త ఎడమగా, మామూలుగా పెద్దగా చుక్కలు లేని చోట పడతాయి. అక్కడ చుక్కలు చిక్కగా కమ్ముకున్నాయంటే మిగతా యాంటీబాడీలన్నీ ఆ గుంపు మీదే చూస్తారు. రిపోర్టులో డిమ్, బ్రైట్ అని రాసేది ఈ వెలుగు గురించే. ఉందా లేదా అన్నదానికంటే ఎంత ఉంది అన్నది చాలాసార్లు ముఖ్యం.

ఇక యాంటీబాడీలు తయారుచేసే వంశానికి చెందిన బీ కణం కథ. దీన్ని కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ ఇదే ధోరణిలో సాగుతాయి. అన్ని రక్తకణాలకీ మూలం మజ్జలో ఉండే మూలకణం. దాని మీద సీడీ34 ఉంటుంది, బాగా ఆదిమ దశలో ఉన్నదాని మీద సీడీ38 దాదాపు ఉండదు. సీడీ34ని 1984లో జాన్స్ హాప్‌కిన్స్‌లో కర్ట్ సివిన్ బృందం బయటపెట్టింది, ఇప్పుడు మజ్జ మార్పిడిలో దాత రక్తం నుంచి తీసిన సంచిలో తగినన్ని మూలకణాలు ఉన్నాయా లేదా అని చూసేది ఈ సీడీ34 లెక్కతోనే. రోగి బరువులో కిలోకి కనీసం 20 లక్షల సీడీ34 కణాలు ఉండాలని సాధారణంగా చూస్తారు.

ఆ మూలకణాల్లో కొన్ని బీ కణం దారి పట్టాక సీడీ19, సీడీ10 పైకి వస్తాయి. సీడీ34 ఇంకా పోలేదు, సీడీ45 మసగ్గా ఉంది, కేంద్రకంలో టీడీటీ అనే ఎంజైమ్ యాంటీబాడీ జన్యువుల ముక్కలు అతికేటప్పుడు మధ్యలో కొత్త అక్షరాలు చేరుస్తూ ఉంటుంది. తర్వాత సీడీ34, టీడీటీ మాయమవుతాయి, సీడీ10 కొంచెం తగ్గుతుంది, సీడీ20 మెల్లగా మొదలై పెరుగుతుంది, సీడీ45 వెలుగు హెచ్చుతుంది. ఆ తర్వాత ఐజీఎం యాంటీబాడీ కణం పైకి వస్తుంది, దానితోపాటు ఐజీడీ కూడా వచ్చేసరికి సీడీ10 పోయి, కణం మజ్జ వదిలి రక్తంలో తిరగడానికి సిద్ధమవుతుంది. లింఫ్ గ్రంథిలో దానికి సరిపడే శత్రువు తగిలితే అక్కడి జెర్మినల్ సెంటర్‌లో సీడీ10 మళ్ళీ కొంతకాలం కనిపిస్తుంది. అక్కడి నుంచి కొన్ని సీడీ27తో జ్ఞాపక కణాలుగా మిగులుతాయి, కొన్ని ప్లాస్మా కణాలవుతాయి. ప్లాస్మా కణం అప్పటిదాకా ఉన్న సీడీ20ని వదిలేసి, సీడీ38ని బాగా పెంచుకుని, సీడీ138ని కొత్తగా తెచ్చుకుంటుంది. ఇక దాని పనంతా యాంటీబాడీలు తయారుచేసి వదలడమే.

సీడీ10 చరిత్ర తెలిస్తే మొదట చెప్పిన మాట ఇంకా బలపడుతుంది. 1970ల మధ్యలో లండన్‌లో మెల్ గ్రీవ్స్ బృందం పిల్లల లుకేమియా కణాల మీద ఒక యాంటిజెన్‌ని, అంటే యాంటీబాడీ పట్టుకునే గుర్తుని, కనిపెట్టింది. మామూలు రక్తంలో వెతికితే దొరకలేదు, దాంతో లుకేమియాకే ప్రత్యేకమైన గుర్తు దొరికినట్టే అనిపించింది, పేరులో కూడా లుకేమియా చేరింది. తర్వాత మామూలు మజ్జలో జాగ్రత్తగా వెతికితే అక్కడి లేత బీ కణాల మీదా అదే ఉంది. అంటే అది వయసుకి గుర్తు. అంతకంటే ఆశ్చర్యం న్యూట్రోఫిల్ సంగతి. ఆ కుటుంబంలో సీడీ10 లేత కణాల మీద ఉండదు, పూర్తిగా ఎదిగిన న్యూట్రోఫిల్ మీద వస్తుంది. ఒకే సీడీ10 ఒక కుటుంబంలో బాల్యానికి, ఇంకో కుటుంబంలో ఎదుగుదల పూర్తవడానికి గుర్తు. అందుకే సీడీ10 పాజిటివ్ అన్న ఒక్క ముక్క పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేదానికి విలువ లేదు. దాని పక్కన ఇంకేమున్నాయి, ఏవి లేవు అన్నది కలిపి చూస్తేనే అది సమాచారం.

ఈ తేడా ప్రాణం మీదికి వచ్చే చోటు ఎంఆర్‌డీ పరీక్ష, అంటే చికిత్స తర్వాత మిగిలిపోయిన కొద్దిపాటి జబ్బుని వెతికే పరీక్ష. కీమో మొదటి దశ పూర్తయ్యాక మైక్రోస్కోపులో లుకేమియా కనపడదు, అయినా పదివేల కణాల్లో ఒకటి మిగిలి ఉందేమో వెతకాలి, సాధారణంగా గీత గీసేది అక్కడే, 0.01 శాతం దగ్గర. కానీ కీమో దెబ్బ నుంచి కోలుకుంటున్న పిల్లల మజ్జలో మామూలు లేత బీ కణాలు విరివిగా పుట్టుకొస్తాయి, వాటికి హెమటోగోన్లని పేరు. వాటి మీదా సీడీ10, సీడీ19, సీడీ34 ఉంటాయి. పైపైన చూస్తే జబ్బు తిరగబెట్టిందని పొరపడవచ్చు. తేడా తెలిసేది క్రమంలో. సీడీ10, సీడీ20 రెండూ కలిపి పటం వేస్తే మామూలు కణాలు ఒక వంపు తిరిగిన దారి వెంట పరుచుకుని కనిపిస్తాయి, కొన్ని దారి మొదట్లో, కొన్ని మధ్యలో, కొన్ని చివర్లో, ఎందుకంటే అవి ఎదుగుతూ ఉన్నాయి. లుకేమియా కణాలు చాలాసార్లు ఆ దారికి పక్కగా ఒకే ముద్దలా పడి ఉంటాయి, సీడీ10 మామూలు కంటే ఎక్కువగా మెరుస్తుంది, సీడీ38 తగ్గి ఉంటుంది, సీడీ58 పెరిగి ఉంటుంది. ఏ రోగిలో ఏది తప్పిందో మొదటి శాంపిల్‌లోనే రాసిపెట్టుకోవాలి. అందుకే మొదటి ఫ్లో రిపోర్టు ఎక్కడ చేయించినా దాన్ని పారేయకుండా దాచుకోండి, ఆసుపత్రి మారితే వెంట తీసుకెళ్ళండి.

న్యూట్రోఫిల్స్ లాంటివి పుట్టే మైలాయిడ్ వైపు మార్పులు కూడా ఇలాంటివే, కాబట్టి తొందరగా చెప్పేస్తాను. మైలోబ్లాస్ట్ అనే లేత కణం మీద సీడీ34, సీడీ117, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే ఇంకో ప్రోటీన్ ఉంటాయి, సీడీ13, సీడీ33 కుటుంబం పేరు చెబుతాయి. దాని తర్వాతి ప్రోమైలోసైట్ దశకి సీడీ34, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ పోతాయి, సీడీ15 వస్తుంది, ఆ తర్వాత సీడీ11బి, ఇంకా తర్వాత సీడీ16, చివరికి సీడీ10. ఒక్క చోట మాత్రం ఆగాలి. ఏపీఎల్ అనే లుకేమియాలో కణాలు సరిగ్గా ప్రోమైలోసైట్ దగ్గర ఇరుక్కుపోతాయి, అందుకే ఫ్లోలో సీడీ33 బాగా మెరుస్తూ, సీడీ34, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ సాధారణంగా లేకుండా కనిపిస్తాయి. ఆ కనపడకపోవడమే ఎమర్జెన్సీ, ఎందుకంటే ఏపీఎల్ రోగులు మొదటి రోజుల్లోనే రక్తస్రావంతో చనిపోయే ప్రమాదం ఎక్కువ, అనుమానం రాగానే మందు మొదలుపెట్టాలి, జన్యు పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు. ఆ మందు ఆట్రా, విటమిన్ ఏ నుంచి వచ్చిన పదార్థం, షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం 1980లలో వాడి చూపించింది. అది కణాన్ని నేరుగా చంపదు, ఆగిపోయిన ఎదుగుదలను మళ్ళీ నడిపిస్తుంది. మందు పడ్డాక అంతకుముందు లేని సీడీ11బి ఆ కణాల మీదకి వస్తుంది, అంటే క్యాన్సర్ కణం వయసు పెరుగుతోంది. ఆర్సెనిక్‌తో కలిపి ఇస్తే, మరీ ఎక్కువ రిస్క్ లేని ఏపీఎల్‌లో నూటికి తొంభై మందికి పైగా బతుకుతున్నారు. రక్త క్యాన్సర్ల వైద్యంలో ఇంత అందమైన విషయం నాకు ఇంకోటి కనపడలేదు.

టీ కణాలు మజ్జలో పుట్టి, ఎదగడానికి ఛాతీలో గుండెకి పైన ఉండే థైమస్‌కి వెళ్తాయి. అక్కడికి వచ్చేసరికి సీడీ7 ఉంటుంది గానీ సీడీ4, సీడీ8 రెండూ ఉండవు. తర్వాత రెండూ ఒకేసారి వస్తాయి, వాటితోపాటు సీడీ1ఏ కూడా. ఈ దశలో పరీక్ష జరుగుతుంది. సొంత శరీరపు హెచ్‌ఎల్‌ఏ అణువులను అసలు గుర్తించలేనిది పనికిరాదు, మరీ గట్టిగా పట్టుకునేది ప్రమాదం, నూటికి 95కి పైగా కణాలు అక్కడే చచ్చిపోతాయి. మిగిలినవాటిలో కొన్ని సీడీ4ని ఉంచుకుని సీడీ8ని వదిలేస్తాయి, కొన్ని సీడీ8ని ఉంచుకుని సీడీ4ని వదిలేస్తాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఏఆర్‌టీ సెంటర్లలో చేయించుకునే సీడీ4 కౌంట్ ఈ మొదటి రకం కణాల లెక్కే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఒక మైక్రోలీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి, 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. మోనోసైట్లనే ఇంకో రకం తెల్లకణాల మీద కూడా కొద్దిగా సీడీ4 ఉంటుంది కాబట్టి, ఫ్లోలో లెక్కేటప్పుడు సీడీ3 కూడా ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుంటారు.

థైమస్ నుంచి బయటికొచ్చాక కూడా మార్పు ఆగదు. శత్రువుని ఇంకా చూడని టీ కణం మీద సీడీ45ఆర్‌ఏ ఉంటుంది. శత్రువు తగిలాక గంటల్లోనే సీడీ69 పైకి వస్తుంది, ఆ వెనకే సీడీ25, అనుభవం వచ్చి జ్ఞాపక కణంగా మారినప్పుడు సీడీ45ఆర్‌ఓ ఉంటుంది. ఆర్‌ఏ, ఆర్‌ఓ రెండూ ఒకే జన్యువు నుంచి వచ్చేవే, ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని అతికేటప్పుడు కొన్ని ముక్కలు ఉంచితే ఆర్‌ఏ, తీసేస్తే ఆర్‌ఓ. పుట్టిన బిడ్డ రక్తంలో టీ కణాలు ఎక్కువభాగం ఆర్‌ఏవే, ఏళ్ళు గడిచి ఇన్ఫెక్షన్లు, టీకాలు చూసే కొద్దీ ఆర్‌ఓ వాటా పెరుగుతుంది. అయితే బాగా ముదిరిన సీడీ8 కణాలు కొన్ని మళ్ళీ ఆర్‌ఏ తెచ్చుకుంటాయి, కాబట్టి ఇక్కడ కూడా ఒక్క గుర్తు చాలదు, పక్కన సీసీఆర్7 అనే ఇంకో ప్రోటీన్ కూడా చూడాలి.

ఎర్రకణం పరిస్థితి వేరు, అది ఎదిగే కొద్దీ ఉన్నవన్నీ వదిలించుకుంటుంది. మన మజ్జ సెకనుకి సుమారు 20 లక్షల ఎర్రకణాలు తయారుచేస్తుంది, హీమోగ్లోబిన్ కోసం వాటికి బోలెడు ఇనుము కావాలి, అందుకని లేత దశలో ఇనుమును లోపలికి తెచ్చే సీడీ71 కణం నిండా ఉంటుంది. ఎదిగే కొద్దీ గ్లైకోఫోరిన్ ఏ, అంటే సీడీ235ఏ పెరుగుతుంది, కేంద్రకం బయటికి పోతుంది, కణం రెటిక్యులోసైట్‌గా, అంటే ఇంకా పూర్తిగా ముదరని ఎర్రకణంగా, రక్తంలోకి వస్తుంది. ఇక హీమోగ్లోబిన్ తయారీ ముగింపుకి వచ్చింది, సీడీ71తో పని లేదు. దాన్ని ఎలా వదిలించుకుంటుందో 1983లో మాంట్రియాల్‌లో రోజ్ జాన్‌స్టోన్ బృందం గొర్రె రెటిక్యులోసైట్లలో చూసింది, సన్నటి బుడగల్లో పెట్టి బయటికి పంపేస్తోంది. వాటినే తర్వాత ఎక్సోజోములన్నారు.

సీడీ71 ఉందా పోయిందా అన్నది మలేరియా పరాన్నజీవికి కూడా లెక్కే. వైవాక్స్ రకం మలేరియా రెటిక్యులోసైట్లలోకే దూరుతుంది, ఎందుకంటే అది పట్టుకునేవాటిలో సీడీ71 ఒకటి అని 2018లో తేలింది, ఎర్రకణం మీదుండే డఫీ యాంటిజెన్ కూడా దానికి అవసరమన్న సంగతి అంతకుముందే తెలుసు. ముదిరిన ఎర్రకణం మీద సీడీ71 ఉండదు కాబట్టి వైవాక్స్‌కి అక్కడ చోటు లేదు. ఫాల్సిపేరం అనే ఇంకో రకం ఏ వయసు ఎర్రకణాన్నైనా పట్టగలదు, అందుకే దాంట్లో రక్తంలో పరాన్నజీవుల సంఖ్య అంత ఎక్కువగా పెరిగి ప్రాణాల మీదికి వస్తుంది. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన 121 ఏళ్ళకి అది కణం వయసుని ఎలా పసిగడుతుందో ఒక ముక్క తెలిసింది.

ఇక మందుల సంగతి, ఇదంతా మనకి పనికొచ్చేది ఇక్కడే. రిటుక్సిమాబ్ సీడీ20ని పట్టుకునే యాంటీబాడీ, అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది, 2007లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ దానిలాగే పనిచేసే బయోసిమిలర్ మందు రెడిటక్స్‌ని తెచ్చింది. సీడీ20 మూలకణాల మీదా లేదు, ప్లాస్మా కణాల మీదా లేదు. అందువల్ల లింఫోమాతోపాటు (లింఫోసైట్ల క్యాన్సర్) మామూలు బీ కణాలు కూడా పోయినా, మూలకణాలు కొన్ని నెలల్లో మళ్ళీ వాటిని తయారుచేస్తాయి, ప్లాస్మా కణాలు పాత యాంటీబాడీలను చాలావరకు ఇస్తూనే ఉంటాయి. కానీ ఆ మధ్యకాలంలో వేసిన కొత్త టీకా సరిగా పట్టదు, కరోనా టీకాల విషయంలో చాలామంది రోగులకి ఇది అనుభవమైంది. సీడీ19ని గురిపెట్టే కార్-టీ చికిత్స (రోగి టీ కణాలనే మార్చి మళ్ళీ ఎక్కించడం) ఇంకా లేత కణాల దాకా వెళ్తుంది, అందుకే సీడీ20 ఇంకా రాని పిల్లల లుకేమియాలో కూడా పనిచేస్తుంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన నెక్స్‌కార్19కి మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అయితే కొందరిలో లుకేమియా సీడీ19ని వదిలేసి తిరిగొస్తుంది, అప్పుడు కార్-టీకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మైలోమా ప్లాస్మా కణాల క్యాన్సర్ కాబట్టి అక్కడ గురి సీడీ38 మీద, మందు డారాటుముమాబ్. ఇందులో ఒక చిక్కు రోగి ఇంట్లోవాళ్ళు కచ్చితంగా తెలుసుకోవాలి. ఎర్రకణాల మీద కూడా సీడీ38 చాలా కొద్దిగా ఉంటుంది. ఈ మందు వాటినీ పట్టుకుంటుంది కాబట్టి, అది రక్తంలో ఉన్నంతకాలం, బ్లడ్ బ్యాంకులో రోగి సీరం కలిపి చూసే ప్రతి బాటిల్ రక్తమూ సరిపడనట్టే చూపిస్తుంది. ఏ రక్తమూ కలవడం లేదని గాభరా మొదలవుతుంది. డీటీటీ అనే రసాయనంతో ఎర్రకణాల మీది సీడీ38ని చెడగొట్టి పరీక్ష చేస్తే సమస్య తీరుతుంది, కానీ దాంతో కెల్ అనే ఇంకో రక్తగ్రూపు యాంటిజెన్లు కూడా చెడిపోతాయి కాబట్టి రోగి కెల్ వివరం ముందే తెలియకపోతే కెల్ నెగెటివ్ రక్తం ఇస్తారు. ఏబీఓ, ఆర్‌హెచ్ గ్రూపు పరీక్షకి ఇబ్బంది ఉండదు. మందు ఆపాక కూడా ఆరు నెలల దాకా ఈ అడ్డంకి ఉండొచ్చు. అందుకే మొదటి డోసుకి ముందే గ్రూపు, యాంటీబాడీ స్క్రీన్, వీలైతే కెల్‌తో సహా ఎర్రకణాల పూర్తి టైపింగ్ చేయించి, ఆ కాగితం పర్సులో పెట్టుకుని, రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఈ మందు వాడుతున్నామని బ్లడ్ బ్యాంకు వాళ్ళకి మొదటి మాటగా చెప్పాలి.